బావిలో తీసిన ప్లేటు

అనంతపురం జిల్లాలో దేనికి కరువొచ్చినా గాలికి మాత్రం రాదు. చెట్టూ చేమా లేని మిట్ట నేలలు. అడ్డూ ఆపూ లేకుండా వీస్తుంది. కాయలు కోశాక చేన్లో కుప్ప వేసిన శనక్కాయ కట్టె రాత్రికి రాత్రే పొరుగూరికి కాపురం పోతుందని మావైపు ఎగతాళిగా చెప్పుకుంటారు. ఆ గాలే నన్ను బావిలోకి దించింది. లేకపోతే ఫిజిక్సు పాఠాలు చెప్పుకునేవాడు అమావాస్య రాత్రి ముప్పై అడుగుల గోతిలో ఎందుకు కూర్చుంటాడు చెప్పండి.

నా పేరు బదరీనారాయణ. మాది కళ్యాణదుర్గంలో దుకాణం పెట్టుకున్న కుటుంబం. 1965లో నేను అనంతపురంలో ఒక కాలేజీలో పనిచేస్తున్నాను. ముప్పై ఏళ్ళు వచ్చినా పెళ్ళి కాలేదు. "పిల్లను చూసి రారా అంటే చుక్కలను చూసొస్తాడు" అని మా అమ్మ కన్యకమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా మొత్తుకునేది. ఆమె బాధలో న్యాయం ఉంది. రెండేళ్ళపాటు సెలవులన్నీ ఒక గాజు బిళ్ళ మీద ఇంకో గాజు బిళ్ళ పెట్టి, మధ్యలో గరుకు పొడి పోసి అరగదీస్తూ గడిపాను. చివరికి మధ్యలో పల్లంగా ఉండే ఎనిమిదంగుళాల అద్దం తయారైంది. వెండి పూత కూడా నేనే పూసుకున్నాను. ఇనప రేకుతో ఐదడుగుల గొట్టం చేయించి లోపల నల్లరంగు కొట్టించాను.

ఈ రకం టెలిస్కోపు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, ముందు అవసరం పడుతుంది. గొట్టం అడుగున అద్దం ఉంటుంది. పైన మూతి బార్లా తెరిచే ఉంటుంది. చుక్కల వెలుగు ఆ మూతిలోంచి దిగి, అడుగున అద్దానికి తగిలి తిరిగి పైకొస్తుంది. మూతి దగ్గర వాలుగా బిగించిన చిన్న అద్దం దాన్ని పక్కకు మళ్ళిస్తుంది. అక్కడ కన్ను పెడితే చూడొచ్చు. కన్నుకు బదులు గాజు ప్లేటు పెట్టి గంటా రెండు గంటలు వెలుగు పడనిస్తే, కంటికి ఎప్పటికీ కనబడనివి ప్లేటు మీద తేలతాయి. కృత్తికల చుట్టూ అలుముకుని ఉండే పలచటి వెలుగును పట్టాలని నా కోరిక. పల్లెల్లో పిల్లల కోడి అంటారే, ఆ చుక్కల గుంపే.

చిక్కేమిటంటే ఆకాశం ఒకచోట నిలబడదు. గొట్టాన్ని కూడా దాంతోపాటు మెల్లగా తిప్పుతూ ఉండాలి. దానికి ఒక ఇసుక డబ్బా యంత్రం కట్టుకున్నాను. డబ్బా అడుగున బెజ్జంలోంచి సన్నటి ఇసుక సర్ర్‌మని కారుతుంటుంది, పైనున్న బరువు దిగుతుంటుంది, గొట్టం తిరుగుతుంటుంది. పాపం అది ఎప్పుడూ కొంచెం వెనకబడేది. అందుకని గొట్టానికి కట్టిన చిన్న దుర్భిణిలో కన్ను పెట్టి, ఒక చుక్కను గుర్తు పెట్టుకుని, అది మధ్యలోంచి జరిగినప్పుడల్లా మర తిప్పి మళ్ళీ మధ్యకు తేవాలి. ఫోటో అయ్యేదాకా కన్ను తీయకూడదు. తీస్తే చుక్కలన్నీ గీతలైపోతాయి. అలా ఊపిరి బిగబట్టి కూర్చున్నప్పుడు గాలి వచ్చి గొట్టాన్ని ఊపిందంటే అంతే సంగతులు. మా మిద్దె మీద మూడు ప్లేట్లు అలాగే తగలేశాను.

మా మేనమామ మల్లికార్జునయ్య నా గోడు విని నవ్వాడు.

"గాలి తగలగూడదంటే నా బావిలో దిగప్పా. బావి తవ్వితే భూతం బయటపడిందంటారే, నా బావిలో నీళ్ళూ పడలే, భూతమూ పడలే. ఉత్తగా ఉండాది."

ఆయన వేళాకోళానికి అన్నాడు. నేను ఆ మాటనే పట్టుకున్నాను.

కళ్యాణదుర్గానికి ఏడు మైళ్ళ దూరాన ఉంది ఆ పొలం. బావి పాతిక అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల లోతు. మూడేళ్ళ కింద పని సగంలో ఉండగా ఒక పక్క మన్ను జారి, దిగడానికి పెట్టిన మెట్ల రాళ్ళన్నీ దాంతోపాటే పోయాయి. అప్పటినుంచీ లోపలికి దిగాలంటే ఒకటే దారి. ఒడ్డున పాతిన రాట్నం, దానికి చుట్టిన మోకు, మోకు చివర కట్టిన పీట. పీట మీద కూర్చుంటే పైనున్న మనిషి రాట్నం పిడి పట్టుకుని తిప్పి దింపుతాడు. మళ్ళీ తిప్పి పైకి తెస్తాడు.

ఆ పైనున్న మనిషి హనుమంతప్ప. బావులు తవ్వడమే అతని పని. యాభై దాటాయి. నా టెలిస్కోపునూ, దానికోసం తాడిపత్రి నుంచి తెప్పించిన రాతి దిమ్మనూ పెళ్ళికూతుర్ని దింపినంత జాగ్రత్తగా లోపలికి దింపించింది అతనే. మొదటిరోజే నన్ను ఒడ్డున కూర్చోబెట్టి చెప్పాడు.

"సామీ, మా పనిలో రెండు కట్లుండాయి. కింద మనిషి ఉన్నంతసేపూ పైనోడు అప్పుడప్పుడూ పిలవల్ల. కిందోడు పలకల్ల. లాగు అంటే లాగల్ల."

"రెండోది?"

"మనిషిని పైకి తెచ్చినంక, ఉత్త బావిలోనుంచి ఎవరు పిలిచినా పలకగూడదు. ఎనక్కి తిరిగి చూడగూడదు. అది ఎవరి గొంతయినా సరే."

నేను నవ్వాను. "ఉత్త బావిలో మిగిలేది గాలి ఒకటే గదప్పా."

"గాలి పేరు పెట్టి పిలవదు సామీ."

అతను నవ్వలేదు. మోకు ముడులు చూసుకుంటూ తనే చెప్పాడు. ఆ బావిలో మన్ను జారి పోయింది అతని తమ్ముడు లింగన్న. ఆ పొద్దు రాట్నం దగ్గర ఉండాల్సింది హనుమంతప్పే.

"బీడీకి నిప్పు కావల్లని పక్క చేనికాడికి పోయింటి. మూడు మార్లు పిలిచినాడంట. కలుపు తీసే ఆడోళ్ళు చెప్పిరి. నేను పలకలేదు."

తర్వాత నేను నవ్వలేదు. పదిహేను నిమిషాలకొకసారి పిలవమన్నాను. కన్ను తీయకుండా ఒక్క మాటలో పలుకుతానన్నాను. అతనికి ఒక టైంపీసు ఇచ్చాను. అలా రెండు రాత్రులు పనిచేశాం. ఏ ఇబ్బందీ రాలేదు.

మూడోది కార్తీక అమావాస్య. ఆ ఏడు కార్తీకం దాకా చినుకు లేదు. చేలన్నీ పగిలి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పొద్దు గూకాక ఒడ్డు మీద గాలి చెవుల్లో హోరెత్తుతోంది. తొమ్మిది గంటలకు పీట మీద కూర్చుని దిగాను. పది అడుగులు దిగేసరికి గాలి చప్పుడు నెత్తిమీదనే ఆగిపోయింది. ఇంకో పది అడుగులకు నా ఊపిరి నాకే పెద్దగా వినపడింది. కింద పొడి మన్ను, పాత గబ్బిలాల రెట్ట వాసన. పైన గుండ్రంగా కోసిపెట్టినట్టు ఆకాశం. ఆ గుండ్రంలోకి కృత్తికలు ఒక పక్కనుంచి వచ్చి ఇంకో పక్కకు పోవడానికి రెండున్నర గంటలు పడుతుంది. నా పని అంతా ఆ రెండున్నర గంటల్లోనే కావాలి.

పదిన్నరకు ప్లేటు పెట్టి మూత లాగాను. గొట్టం దాదాపు నిలువుగా ఉంది. మూతి నా నిలువెత్తున ఉంటుంది. నేను కింద చిన్న ముక్కాలి పీట మీద, మెడ వెనక్కి విరిచి, దుర్భిణిలో కన్ను పెట్టి కూర్చున్నాను. చేతి గడియారం ముళ్ళు పచ్చగా మెరుస్తున్నాయి. టార్చి ఒళ్ళో ఉంది, వెలిగించేది లేదు. వెలుతురు తగిలితే ప్లేటు పాడవుతుంది. ఇసుక సర్ర్‌మని కారుతోంది.

"సామీ... ఉండావా?"

"ఉండా."

పదిహేను నిమిషాలు. చుక్క కొంచెం జరిగింది. మర తిప్పాను. నిలబడింది.

"సామీ... ఉండావా?"

"ఉండా."

మెడ పీకుతోంది. కాలు తిమ్మిరెక్కింది. అప్పుడు వాసన మారింది.

మొదట గుర్తుపట్టలేకపోయాను. బాగా తెలిసిన వాసనే, చాలాకాలంగా తగలని వాసన. తొలకరి పడ్డప్పుడు వస్తుందే, అది. తడి మన్ను. ఊరంతా దానికోసమే ఎదురుచూస్తోంది. పైన వాన మొదలైందేమోనని ఆశ పుట్టింది. దుర్భిణిలో మాత్రం నా చుక్క తళతళా వెలుగుతూనే ఉంది. మబ్బు లేదు. వాసన పైనుంచి రావడం లేదు. నా వెనకనుంచి వస్తోంది.

మన్ను జారిన గోడ నా వెనకపక్కే ఉంది.

ఏదో బొట్టు పడిన చప్పుడు. కాసేపటికి ఇంకొకటి. మూడేళ్ళుగా తడి ఎరగని బావి అది.

రెండో కంటితో గడియారం చూశాను. పదకొండూ పదిహేను. హనుమంతప్ప గొంతు కోసం ఇంత ఆశగా నేనెప్పుడూ ఎదురుచూడలేదు.

"సామీ... ఉండావా?"

నేను నోరు తెరిచాను.

"ఉండా."

ఆ మాట నాది కాదు... గొంతు నాదే. యాస నాదే. చివర కొంచెం ముక్కుతో పలికే అలవాటు కూడా నాదే. నా వెనకనుంచి, గోడ దగ్గరనుంచి వచ్చింది. నా నోరింకా తెరిచే ఉంది.

ప్రతిధ్వని అనుకుందామని చూశాను. పిల్లలకు ఏటా చెప్పే పాఠమే. కానీ ప్రతిధ్వని రావాలంటే ముందు ధ్వని ఉండాలి గదా.

నేను కన్ను తీయలేదు. ధైర్యంతో కాదు. తీస్తే వెనక్కి చూడాల్సి వస్తుందని. ఆ గోతిలో నాకు తెలిసిన వస్తువు ఆ చుక్క ఒక్కటే. దాన్నే పట్టుకుని వేలాడాను. హనుమంతప్పా అని అరవాలనుకున్నాను. గొంతులోంచి గాలి కూడా రాలేదు. పీడకలలో కేక పెట్టబోతే ఎలా ఉంటుందో అలాగే ఉంది.

వెనక మన్ను కరకరమంది. ఒక అడుగు... ఆగింది. ఇంకో అడుగు... ఆగింది.

నాకు తగల్లేదు. నన్ను దాటి, గోడ వారగా మోకు వేలాడేవైపు పోయింది. తడి వాసన కూడా అటే పోయింది.

పదకొండున్నర.

"సామీ... ఉండావా?"

"ఉండా. చాలు హనుమంతప్పా. లాగు."

పైన రాట్నం కిర్రుమంది. మోకు బిగిసిన చప్పుడు. బరువుకు మూలిగిన చప్పుడు. పీట గోడకు రాసుకుంటూ మెల్లగా పైకి పోతోంది... నా పీట. నేను ఎక్కాల్సిన పీట. చేతిలో టార్చి ఉంది. వెలిగిస్తే కనబడుతుంది. నా బుద్ధి చూడండి, ఆ క్షణంలో కూడా ప్లేటు పాడవుతుందని బొటనవేలు ఆగింది. అది సాకేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. చూడడానికి నాకు గుండె చాలలేదు.

రాట్నం ఆగింది. పైన హనుమంతప్ప మాట్లాడుతున్నాడు.

"ఏం సామీ, ఈ పొద్దు బిరీన అయిపాయనే. వొళ్ళు ఇంత చల్లగా ఉండాదే. ఈ దుప్పటి కప్పుకో. రా, ఇంటికాడ పడుకుందువు."

అప్పుడు నా గొంతు పెగిలింది.

"హనుమంతప్పా! నేనీడే ఉండా! బావిలో ఉండా! పోవద్దు!"

పైన అడుగులు ఆగాయి. నేను ఇంకా గట్టిగా అరిచాను. నా పేరు చెప్పాను, మా మామ పేరు చెప్పాను, అతని పేరు పెట్టి ఎన్నిసార్లు పిలిచానో లెక్కలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అతని మాట వినపడింది. మెల్లగా, బతిమాలుతున్నట్టు, పక్కనున్నవాడితో అంటున్నాడు.

"ఎనక్కి చూడొద్దు సామీ. అది మా తమ్ముడు. పోదాం పా."

అడుగులు కదిలాయి. రెండు జతల అడుగులు.

నాకు అర్థమైంది. మనిషిని పైకి తెచ్చేశాడు. ఇక బావి ఉత్తది. ఉత్త బావిలోంచి ఎవరు పిలిచినా పలకకూడదు. నేను ఎంత గట్టిగా అరిస్తే హనుమంతప్ప అంత తొందరగా నడుస్తాడు. తెలిసి కూడా అరవడం ఆపలేకపోయాను.

గొంతు బొంగురుపోయాక గోడ ఎక్కబోయాను. మన్ను గుప్పిళ్ళతో ఊడి మొహాన పడింది. రెండు గోళ్ళు లేచిపోయాయి. నాలుగడుగులు ఎక్కితే ఐదడుగులు జారాను. చివరికి మన్ను జారని పక్క గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు కావలించుకుని కూర్చున్నాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఏడ్చాను కూడా. సిగ్గెందుకు, ఏడ్చాను. తెల్లవారి కూడా హనుమంతప్ప రాకపోతే? ఆ పొలం వైపు ఎవరూ రారు. కరువుకు చేన్లో పనే లేదు. వచ్చినా ఆ ఊళ్ళో ప్రతివాడికీ ఆ కట్టు తెలుసు. బావిలోంచి కేక వినపడితే చెవులు మూసుకుని పరుగెత్తుతారు.

ఒక్క సంగతి నన్ను పిచ్చెక్కకుండా కాపాడింది. అది పైకి పోయింది. నా పీట మీదనే, నా చెవులు వింటుండగానే పోయింది. అంటే బావిలో నేనొక్కణ్ణే. ఆకలితో చావొచ్చు, చలికి చావొచ్చు, కానీ దానితో కాదు. ఈ మాట మనసులో వందసార్లు అనుకున్నాను. ఇసుక ఇంకా సర్ర్‌మని కారుతోంది.

కళ్ళు తెరిచి పైకి చూశాను. కృత్తికలు గట్టుకు ఇంకా బెత్తెడు దూరంలో ఉన్నాయి. తెరిచిన ప్లేటు గుర్తొచ్చింది. అలవాటు మనిషిని చావు గోతిలో కూడా వదలదు. లేచి చీకట్లో తడుముకుంటూ వెళ్ళాను. మూతి పక్కన తల పెట్టి, ప్లేటు మూత వేళ్ళతో వెతికి లోపలికి తోశాను. గడియారం చూసుకున్నాను. పన్నెండూ యాభై రెండు. మళ్ళీ వచ్చి గోడకు ఆనుకున్నాను. ఒక్కణ్ణే ఉన్నాననే నిబ్బరంతో ఎప్పుడో కునుకు కూడా పట్టింది.

తెలివొచ్చేసరికి పైన గుండ్రం బూడిదరంగుకు తిరిగింది. తర్వాత తెల్లబడింది. ఎవరో వస్తున్న చప్పుడు. ఒడ్డున హనుమంతప్ప తల కనబడింది.

"హనుమంతప్పా..." నా గొంతు కప్ప బెకబెకలా ఉంది.

అతను పలకలేదు. తల వెనక్కి పోయింది. పైన ఆడమనిషి గొంతు. అతని పెళ్ళాం రామక్క.

"ఎవరుండారు?"

"సామి మాదిరే ఉండాడు."

"మరి పలకరించు."

"పలకగూడదే! సామిని రాత్రే పైకి తెచ్చినా గదా. ఈడ ఉండేది సామి ఎట్లయితాడు?"

"అట్లయితే మన మంచం మీద పండుకొనింది ఎవరు? చెంబెడు నీళ్ళిస్తే తాకనే లేదు. ఒక మాట మాట్లాడలేదు. గోడపక్కకు మొగం పెట్టుకొని పండుకొనె. పొద్దున లేసి చూస్తే తలుపు గడియ పెట్టింది పెట్టినట్టే ఉండాది, మనిషి లేడు. నులకంతా తడిసి ఉండాది. నీళ్ళే లేని ఊళ్ళో మంచం ఎట్ల తడిసె?"

ముప్పై అడుగుల కింద నేను చేతులు జోడించుకుని నిలబడ్డాను. ఆ మొగుడూ పెళ్ళాల వాదన ఎటు తేలితే నా బతుకు అటు. మాట్లాడితే భయపడతాడేమో, మాట్లాడకపోతే దెయ్యమే అనుకుంటాడేమో. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నాకు ముందూ వెనకా కూడా ఆ ఒక్క నుయ్యే.

"నీళ్ళు దించు" అంది రామక్క. "తాగితే మనిషే. తాగకపోతే ఇంటికి పోదాం."

మోకు చివర చెంబు కట్టి దించారు. రెండు చేతులతో అందుకున్నాను. రాత్రంతా అరిచిన గొంతు ఎండి పూడుకుపోయింది. మొదటి గుక్క దిగలేదు. పొలమారి నోటా ముక్కునా బయటికొచ్చింది.

"కక్కుతాండాడే!" అని అరిచాడు హనుమంతప్ప. మోకు ఒక మూర పైకి లేచింది.

"ఉండు" అంది రామక్క. "ఉండు. సామీ, నిదానంగా తాగు."

కళ్ళు మూసుకుని, నోట్లో నీళ్ళు ఆపుకుని, చుక్క చుక్కగా మింగాను. దిగాయి. ఇంకో గుక్క. చెంబు ఖాళీ చేసి తలకిందులు చేసి చూపించాను. తర్వాత రాట్నం కిర్రుమంటూ పీట దిగింది. ఆ పీట తడిగా ఉంది. నేను ఏమీ ఆలోచించకుండా దాని మీద కూర్చున్నాను.

ఒడ్డు మీదికి రాగానే హనుమంతప్ప నా రెండు చేతులూ పట్టుకుని వెచ్చగా ఉన్నాయో లేవో చూశాడు. తర్వాత నా కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. అంత పెద్దమనిషి అలా ఏడవడం నేను చూడలేదు.

"రాత్రంతా పిలిస్తివి సామీ. ఊరు దాకా వినపడె. లింగన్న అనుకుంటి. చెవుల్లో గుడ్డ కుక్కుకొని పండుకుంటి. ఇంకో తూరి పలకక పోతి."

నాకు అతని మీద కోపం రావాలి. రాలేదు. అతను తన కట్టు తాను నిలబెట్టుకున్నాడు, అంతే. అతని వీపు మీద చెయ్యేసి, "నీ తప్పేం లేదప్పా" అన్నాను. అతను నమ్మలేదు. ఆ తర్వాత హనుమంతప్ప ఏ బావి ఒడ్డునా రాట్నం పట్టలేదని మా మామ చెప్పాడు.

టెలిస్కోపును వేరే మనుషులతో పట్టపగలు పైకి తీయించాను. ఆ ప్లేటును కడగడానికి నెలరోజులు మనసొప్పలేదు. చివరికి ఒక ఆదివారం కాలేజీ చీకటిగదిలో కడిగి, ఆరబెట్టి, కిటికీ దగ్గర భూతద్దం కింద పెట్టాను.

కృత్తికలు వచ్చాయి. నేను కన్ను పెట్టి నిలిపినంతసేపూ ప్రతి చుక్కా గుండ్రటి బొట్టుగా పడింది. పదకొండున్నరకు నేను మర వదిలేశాక, ఇసుక యంత్రం మెల్లగా వెనకబడుతూ, ప్రతి బొట్టుకూ సన్నటి తోక గీసింది. అలా జరగాల్సిందే. నేను చూస్తున్నది తోకలను కాదు. తోకలు తెగి ఉన్నాయి.

అన్ని తోకలూ ఒకేచోట తెగాయి. గీత కొంత సాగి, చిన్న ఖాళీ. మళ్ళీ గీత. మళ్ళీ ఖాళీ, ముందుదానికన్నా పెద్దది. యంత్రం నిమిషానికి ఎంత వెనకబడుతుందో నాకు తెలుసు గనక, స్కేలు పెట్టి కొలిచి లెక్క కట్టాను. మొదటి ఖాళీ రెండు నిమిషాలు. రెండోది ఐదు.

మబ్బేమో అనుకున్నాను. ఆ ఏడు మబ్బు కోసం జిల్లా అంతా మెడలు విరిగేలా పైకి చూసింది. ఒక్క తునక కనబడలేదు. అద్దానికి చెమ్మ పట్టిందేమో అనుకున్నాను. చెమ్మ పడితే గీత మెల్లగా పలచబడి మెల్లగా తేరుకుంటుంది. ఇవి కత్తితో కోసినట్టు తెగాయి. గొట్టం తెరిచిన మూతికి ఏదైనా అడ్డం వస్తే తప్ప అలా తెగవు. నిలువెత్తున ఉన్న ఆ మూతి మీదికి ఎవరైనా వంగి, అడుగున ఉన్న అద్దంలోకి తొంగి చూస్తే తప్ప...

అదంతా పీట పైకి పోయిన తర్వాతే. నేను గోడకు ఆనుకుని, ఒక్కణ్ణే ఉన్నానని ధైర్యం చెప్పుకుంటూ కళ్ళు మూసుకున్న గంటలోనే.

ఇంకో ఆలోచన వచ్చి భూతద్దం కింద పెట్టేశాను. నేను కన్ను పెట్టి చుక్కలను గుండ్రంగా నిలిపినంతసేపూ ఎవరు ఎన్నిసార్లు అడ్డం వచ్చినా ప్లేటు మీద ఆ గుర్తు పడదు. బొట్టు కాస్త పలచబడుతుంది, అంతే. అంతకు ముందు రెండు రాత్రులు ఆ బావిలో తీసిన ప్లేట్లు బీరువాలోంచి తీసి చూశాను. రెండూ పలచగానే ఉన్నాయి.

చివరగా తోకల కొసలు కొలిచాను. ఒకసారి కాదు, మూడుసార్లు కొలిచాను. మూడోసారి తెగిన తర్వాత గీతలు మళ్ళీ మొదలు కాలేదు. అవి పన్నెండూ నలభై ఒకటి దగ్గర ఆగిపోయాయి. నేను లేచి వెళ్ళి, ఆ మూతి పక్కన నా తల పెట్టి, చేత్తో తడిమి ప్లేటు మూసింది పన్నెండూ యాభై రెండుకు.